మళ్లీ మేడమ్ ఆఖరి సీటు

బావగారూ, డైరెక్టరుగారూ, డ్యూటీ మధ్యలో వార్డులు వదిలి వచ్చిన డాక్టర్లూ, నర్సమ్మలూ, గోడకు ఆనుకుని నిలబడ్డ స్కాలర్లూ, ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోనని మొండికేసిన మా సీసాల అత్తా, అందరికీ నమస్కారం.

ఈ మైకు ముందు నిలబడటం నాకు కొత్త కాదు. పాతికేళ్లుగా ఇదే హాల్లో పాఠాలు చెప్పాను, వాదించాను, అవతలివాళ్ల నోళ్లు మూయించాను. ఇవాళ వాదించడానికి రాలేదు. ఎవరో పుణ్యాత్ములు నీళ్ల గ్లాసు పెట్టారు. అది అలాగే ఉండనివ్వండి, ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను.

మేడమ్ పోయి ఇరవై ఆరు రోజులైంది. సంతాప సభ పెట్టుకోవడానికి ఇన్నాళ్లు పట్టిందా అని ఆసుపత్రి వాళ్లు అడిగారు. ఎందుకు పట్టిందో ఈ భవనంలో అందరికీ తెలుసు. ఎవరు మాట్లాడాలో తేలలేదు. ఆవిడ వెనక్కి తీసుకున్న పరిశోధన పేపర్ల ఊసెత్తకుండా ఆవిడ గురించి మాట్లాడలేం. ఎత్తి మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. చివరికి నేను మాట్లాడతానన్నాను. డైరెక్టరుగారు హమ్మయ్య అనుకున్నారు. పాపం, తొందరపడ్డారు.

ముందుగా ఒక సంగతి చెప్పి, తర్వాత ఆవిడ దగ్గరికి వస్తాను. మూడో వరసలో, కిటికీ పక్కన, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుంది. మేమంతా ఆమెను ఆఖరి సీటమ్మాయి అంటాం. క్యాన్సర్ మీద పరిశోధనకు నిధులిచ్చే సంస్థ ఒకప్పుడు మేడమ్ పరిశోధన గదికి ఏటా నాలుగు పీహెచ్‌డీ సీట్లు, ఫెలోషిప్‌తో సహా ఇచ్చేది. రెండేళ్ల క్రితం ఆపేసింది. ఆపక ముందు ఆఖరున ఇచ్చిన ఒక్క సీటు ఈ అమ్మాయిది. గైడ్ చనిపోతే ముప్పై రోజుల్లోపు ఇంకో గైడ్ సంతకం పెట్టాలని నియమం. పెట్టకపోతే సీటు పోతుంది, ఫెలోషిప్ పోతుంది, రెండేళ్ల పని అటకెక్కుతుంది. ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇక్కడ నాతో కలిపి పదకొండు మంది గైడ్లం ఉన్నాం. ఆ అమ్మాయి పదకొండు తలుపులూ తట్టింది. పదకొండో తలుపు నాది. "నా దగ్గర ఇప్పటికే ఐదుగురున్నారమ్మా, చూద్దాంలే" అన్నాను. చూద్దాంలే అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

పాతికేళ్ల క్రితం నేను చేరిన రోజున నా గదికి ఫ్రిజ్ కూడా రాలేదు. పక్క గదిలోంచి ఆవిడ వచ్చింది. తన ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి, దాని అంచుకు తెల్ల ప్లాస్టర్ అంటించి, పెన్నుతో "తమ్ముడు" అని రాసింది. నా పేరు కూడా అడగలేదు. అంతే, ఆ రోజు నుంచి నేను తమ్ముణ్ణి, ఆవిడ అక్క. తర్వాత నాకు ఫ్రిజ్ వచ్చింది, పాడైంది, ఇంకోటి వచ్చింది. ఆవిడ ఫ్రిజ్‌లో ఆ ప్లాస్టర్ మాత్రం ఇప్పటికీ ఉంది. మొన్న చూశాను.

ఆవిడకు "మళ్లీ మేడమ్" అని పేరెందుకు వచ్చిందో ఆసుపత్రి వాళ్లకు తెలియకపోవచ్చు. ఆవిడ దగ్గర చేరిన స్కాలరు ఎవరైనా సరే, మొదటి ఆరు వారాలు సొంత పని ముట్టుకోకూడదు. బీరువాలోంచి ఒక పాత స్కాలరు నోట్‌బుక్ తీసి ఇచ్చేది. అందులో ఒక ప్రయోగం ఎంచుకుని, ఉన్నది ఉన్నట్టు చేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూడాలి. వచ్చిందంటే "మళ్లీ" అనేది. రాలేదన్నా "మళ్లీ" అనేది. పిల్లలు కారిడార్‌లో ఎంత తిట్టుకునేవారో! పెద్ద పెద్ద కలలు కని వస్తే, ఎవరో ఎప్పుడో చేసిన పనిని తిరగతోడటమేమిటని. సీసాల అత్త కూడా తిట్టుకునేది. "కడిగిన సీసా తెచ్చి చేతికిస్తే వెలుతురులో పెట్టి చూసి మళ్లీ కడగమంటుంది తల్లీ, నా చేతుల్లో గీతలు అరిగిపోయాయి" అని. నిజమేనా అత్తా? ఇప్పుడు కళ్లు తుడుచుకుంటున్నావు గానీ.

వెనక వరసలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇవాళ అతని కింద ఇరవై మంది పనిచేస్తున్నారు. ఆ రోజుల్లో రెండో ఏడు స్కాలరు. ఒక ఉదయం గ్రాఫు పట్టుకుని కారిడార్‌లో పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను వేసిన మందుకు క్యాన్సర్ కణాలు పెరగడం ఆగిపోయింది! మేమంతా చప్పట్లు కొట్టాం. నేనైతే భుజం మీద ఒక్కటి చరిచాను. ఆవిడ గ్రాఫు చూసి, కళ్లద్దాలు తీసి, "బాగుంది నాయనా. మళ్లీ" అంది. రెండోసారికి ఫలితం సగమైంది. మూడోసారికి ఏమీ లేదు. కుర్రాడు మెట్ల మీద కూర్చుని బావురుమన్నాడు. ఎవరమూ ఓదార్చలేకపోయాం. ఆవిడ వెళ్లి అదే మెట్టు మీద, పక్కన కూర్చుంది. "ఏడుపు అయ్యాక లోపలికి రా. నాలుగోసారి నేను చేస్తాను. నువ్వు పక్కన నిలబడి నా తప్పులు పట్టు" అంది.

నాలుగోసారి తేలింది. ఇన్‌క్యుబేటర్, అంటే కణాలను వెచ్చగా ఉంచే పెట్టె, దాని పై అర కింది అరకన్నా చల్లగా ఉంది. మందు వేసిన కణాలను అతను మొదటిసారి అన్నీ పై అరలో పెట్టాడు, రెండోసారి సగమే, మూడోసారి అన్నీ కింది అరలోనే. పై అర చల్లదనానికి అవి పెరగలేదు. కింది అరకు మారిన కొద్దీ ఫలితం కరిగిపోయింది. మందూ లేదు, మహిమా లేదు. ఆ రోజు ఆవిడ అతనితో అన్న మాట నేను గుమ్మంలో నిలబడి విన్నాను. "మనం రాసింది వార్డులో పడుకున్న మనిషి దాకా వెళ్తుంది. మన దగ్గర ఆగాల్సిన అబద్ధం మన దగ్గరే ఆగాలి."

విన్నాను. తల ఊపాను. చాలా బాగా చెప్పావక్కా అని కూడా అన్నాను.

ఇక రెండేళ్ల క్రితం జరిగిన ఇంటర్వ్యూకి వస్తాను. ఆ ఏడు నాలుగు సీట్లకు కాదు, ఒక్క సీటుకే అనుమతి వచ్చింది. కమిటీలో ఆవిడా, నేనూ, ఇంకో ఇద్దరూ. క్యాన్సర్ మీదే ఎందుకు పని చేయాలనుకుంటున్నారని అడిగితే వచ్చినవాళ్లంతా గొప్పగా చెప్పారు. ఈ అమ్మాయి వంతు వచ్చింది. పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగాను నేను. "మానలేదు సార్, తీసేశారు. అక్కడి ఫలితం నాకు మూడుసార్లు రాలేదు. రాలేదని నోట్‌బుక్‌లో రాశాను. తుడిచేయమన్నారు. తుడవలేదు" అంది. ఆ చెప్పడంలో గొప్పా లేదు, బాధా లేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఆమె బయటికి వెళ్లాక నేను అక్కతో ఏమన్నానో తెలుసా? "ఈ పిల్ల నోరు ఊరుకోదు, మన కొంప ముంచుతుంది" అన్నాను. నేను వేసిన మార్కులు చాలా తక్కువ. ఆవిడ నిండా మార్కులు వేసింది. సీటు ఆమెకు వచ్చింది. నా జోస్యం కూడా ఫలించింది. ఏడో వారానికల్లా ఆ పిల్ల మా కొంప ముంచింది.

ఎలా ముంచిందో చెప్పాలంటే కుట్టుమిషనమ్మ గురించి చెప్పాలి. పదిహేనేళ్ల క్రితం ఇక్కడి ఆసుపత్రిలో ఒకావిడ ఉండేది, బట్టలు కుట్టేది. అండాశయంలో గడ్డ. ఆపరేషన్‌కు ముందు మేడమ్ వెళ్లి, ఆ గడ్డలోంచి చిన్న ముక్క ఇస్తే కణాలు పెంచి పరిశోధన చేస్తామని అడిగింది. "నేను ఎలాగూ ఉండను, అవైనా ఉంటాయంటున్నారుగా, పెంచుకోండమ్మా" అందట ఆవిడ. ఆ కణాలు మహా మొండివి. పద్నాలుగు నెలలు సాకితే గానీ నిలబడలేదు. వాటి మీదే అక్క పదకొండేళ్లు పేపర్లు రాసింది. వాటి మీదే పేరు వచ్చింది, సీట్లు వచ్చాయి. వాటి మీద పనిచేసిన ఒక మందును ఆసుపత్రిలో మనుషుల మీద పరీక్షించడానికి అంతా సిద్ధమైంది.

ఆఖరి సీటమ్మాయికి ఆరు వారాల పని కోసం అక్క ఎవరి నోట్‌బుక్ ఇచ్చిందనుకున్నారు? తనదే. ఆ అమ్మాయి కణాలను గడ్డకట్టించి ఉంచే లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులోంచి మొట్టమొదటి ఏడాది దాచిన గొట్టం ఒకటి తీసి కరిగించింది. ఆ కణాలు నత్తనడకన పెరిగాయి. రోజూ వాడే కణాలేమో పరుగులు తీస్తున్నాయి. పేరు ఒకటే, తీరు వేరు. ఇంకొకరైతే పాతవి పాడయ్యాయని పారబోసేవారు. ఈమె రెండింటినీ గుర్తింపు పరీక్షకు పంపింది. మన వేలిముద్రల్లాంటిదే అది. రెండూ ఒక మనిషివి కావని జవాబు వచ్చింది. పాతవే కుట్టుమిషనమ్మవి. కొత్తవి ఈ భవనంలో ప్రతి గదిలోనూ ఉండే ఒక మామూలు రకం, ఏ సీసాలో ఒక్క చుక్క పడినా నెలలో మొత్తం ఆక్రమించే రకం. అంటే పదకొండేళ్ల పని కుట్టుమిషనమ్మ కణాల మీద కాదు. రోజూ వాడే సీసాల్లో ఆవిడవి ఎప్పుడో చచ్చిపోయాయి.

ఆ అమ్మాయి ఆ కాగితం తెచ్చి చేతికిచ్చినప్పుడు అక్క ఒకే ఒక మాట అంది. "మళ్లీ పంపు." మళ్లీ అదే జవాబు వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి ఫోన్ చేసి మందు పరీక్ష ఆపించింది. మూడు వారాల తర్వాత మీటింగు. ఎవరి చేతిలో ఎప్పుడు కలిశాయో తేల్చాలి.

కణాలకు తిండి మార్చే పని హుడ్‌లో చేస్తాం. ముందు అద్దం, లోపల శుభ్రమైన గాలి వీచే బల్ల. దానికి దారంతో ఒక రిజిస్టర్ వేలాడుతుంటుంది. ఎవరు వాడినా తేదీ, సమయం, ఏ కణాలు, అన్నీ రాసి సంతకం పెట్టాలి. అక్క గదిలో ఏ ఏడాది రిజిస్టరూ పారేయలేదు. ఆలోపు దాచిన గొట్టాలను వరసగా పరీక్షిస్తే కలిసిన నెల తేలింది, పదమూడేళ్ల క్రితం నాటిది. ఇక ఆ ఏడాది రిజిస్టర్ తీస్తే సరి. అందరం ఆవిడ వైపు చూశాం. "ఆ ఏడాదిది దొరకలేదు. ఎవరి చేతిలో జరిగితేనేం, నా గదిలో జరిగింది. నాదే పూచీ" అంది. సాయంత్రానికి ఉత్తరాలు రాసి పేపర్లన్నీ వెనక్కి తీసుకుంది. నిధుల సంస్థ కొత్త సీట్లు ఆపేసింది. ఇంతకాలం పొగిడిన నోళ్లే "ముందే అనుకున్నాం" అన్నాయి. క్యాంటీన్‌లో ఆవిడ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. నేను కూర్చునేవాణ్ణి. నేను మంచివాణ్ణని అందరూ అనుకున్నారు.

ఎనిమిది నెలల క్రితం ఆవిడకు జబ్బు బయటపడింది. ఏ జబ్బో చెప్పక్కర్లేదు. ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. మనిషి మంచానికి అతుక్కుపోయింది. నన్ను చూడగానే "ఆ పిల్ల కణాలు ఎలా ఉన్నాయి?" అంది. అసలైన కుట్టుమిషనమ్మ కణాలు ట్యాంకులో ఇంకా మూడు గొట్టాలు మిగిలాయి కదా, వాటితో మొత్తం పని మొదటి నుంచి చేయడమే ఆ అమ్మాయి పీహెచ్‌డీ. బాగున్నాయన్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగింది.

"ఏముందక్కా, నువ్వు లేచి రా, చాలు" అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసి కళ్లు మూసుకుంది. మళ్లీ ఆ మాట అడగలేదు. జీవితమంతా మళ్లీ మళ్లీ అన్న మనిషి ఆ ఒక్కటీ రెండోసారి అడగలేదండీ.

పోయిన వారం బావగారు నన్ను ఇంటికి పిలిచారు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. పని బల్ల సొరుగులోంచి పాత పేపరులో చుట్టిన పొట్లం తీసి ఇచ్చారు. "ఇది మీకు ఇవ్వమంది. నన్ను విప్పొద్దంది. విప్పలేదు" అన్నారు. బావగారూ, అందులో ఏముందో మీకూ ఇప్పుడే తెలుస్తుంది.

ఇదిగో, ఇదే ఆ రిజిస్టర్. దొరకలేదన్న రిజిస్టర్. ఈ పేజీలో పదమూడేళ్ల క్రితం ఒక రోజు, ఉదయం పదకొండు గంటలకు, ఒక పేరు, ఒక సంతకం. పేరు నాది. సంతకం నాది.

ఆ రోజు నా హుడ్ ఫ్యాను కాలిపోయింది. నా పేపరుకు గడువు దగ్గరపడింది. అక్క హుడ్ దగ్గర కూర్చుని నా కణాలకు, అదే ప్రతి గదిలోనూ ఉండే ఆ మామూలు రకానికి, తిండి మార్చాను. నా సీసాలో మీడియం అయిపోయింది, అదే మేం వాటికి పోసే గులాబీ రంగు నీళ్లు. పక్కనే అక్క సీసా మూత తీసి ఉంది. రెండు రకాల కణాలకు ఒక సీసా వాడకూడదని మొదటి రోజే పిల్లలకు నేర్పిస్తాం. నేను నా కణాల్లో పెట్టిన పిపెట్‌ను, అదే ద్రవం పీల్చే గొట్టాన్ని, ఆ సీసాలో ముంచాను. ఒక్కసారే. ఏమవుతుందిలే అనుకున్నాను. బయటికి వచ్చి, బుద్ధిమంతుడిలా రిజిస్టర్‌లో సంతకం పెట్టాను.

మరిచిపోయానని చెబితే మీరు నమ్ముతారు. కానీ నేను మరిచిపోలేదు. రెండేళ్ల క్రితం మీటింగులో నెల పేరు వినగానే నాకు ఆ పిపెట్ గుర్తొచ్చింది. రిజిస్టర్ దొరకలేదని అక్క అన్నప్పుడు నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. బతికిపోయాననుకున్నాను. ఆవిడ నావైపు ఒక్కసారి చూసింది. ఇన్‌క్యుబేటర్ అర అబద్ధాన్ని కూడా క్షమించని మనిషి, నా కోసం ఒకే ఒక్క అబద్ధం ఆడింది. దాన్ని రెండేళ్లు మోసింది. అవమానం మోసింది, జబ్బు మోసింది. నేను రోజూ ఎదురుగా కూర్చుని ఆవిడతో టీ తాగాను. సిగ్గుగా ఉంది. ఈ మాట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అనను?

పొట్లంలో ఉత్తరం కోసం వెతికాను. పేజీలన్నీ తిప్పాను, అట్ట కింద చూశాను. ఒక్క అక్షరం లేదు. రెండు తిట్లు రాసి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి. అదీ ఇవ్వలేదు.

డైరెక్టరుగారూ, ఇదంతా రాసిన నా ఉత్తరం పొద్దున మీ బల్ల మీద పెట్టాను. నిధుల సంస్థకూ, పేపర్లు వేసిన పరిశోధన పత్రికలకూ కాపీలు వెళ్లాయి. నన్నేం చేస్తారో అది మీ ఇష్టం.

ఇక గైడ్లతో మాట్లాడతాను. ఆ అమ్మాయికి మనం ఎందుకు తలుపు వేశామో మొహమాటం లేకుండా చెప్పుకుందాం. ఆ గది మచ్చ మనకు అంటుకుంటుందని భయం. ఆ మచ్చ ఎవరిదో ఇప్పుడు తెలిసిందిగా? అది అక్కది కాదు. ఆ పిల్లది అసలే కాదు. ఇంకా నాలుగు రోజులున్నాయి. ఫారం ఇదిగో, అక్క ఫోటో పక్కన పెడుతున్నాను. కింద నా సంతకం పెట్టాను. నా సంతకం ఇక చెల్లదంటే కొట్టేసి మీలో ఒకరు పెట్టండి. పక్కనే స్కాలరు సంతకానికి చోటు ఖాళీగా ఉంది. అమ్మా, నా పేరు పక్కన నీ పేరు రాయడం నీకు ఇష్టం లేకపోతే రాయొద్దు. ఇంటర్వ్యూలో నీకు తక్కువ మార్కులు వేసింది నీ పని చూసి కాదు. నీలాంటివాళ్లంటే నాకు భయం, అందుకు వేశాను.

మౌనం పాటించమని అడగడం ఆఖరున మాట్లాడేవాడి వంతు. రెండేళ్లు నోరు మూసుకున్నవాణ్ణి ఆ మాట ఏ మొహంతో అడగను? అందుకని బావగారూ, ముందు మీరు లేవండి. మీ వెనక మేమందరం లేస్తాం. అత్తా, నువ్వు ఎలాగూ నిలబడే ఉన్నావు. రెండు నిమిషాలు. ఆ తర్వాత ఆ అమ్మాయిని ఎవరూ మాటల్లో పెట్టి ఆపకండి, నాలుగింటికి కుట్టుమిషనమ్మ కణాలకు తిండి మార్చాలి.

లేవండి.